బడిలో ఆన్‌లైన్ పరీక్ష: ల్యాబ్‌లో ఏమేం ఉండాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా హైస్కూల్ ల్యాబ్‌లో ఆన్‌లైన్ పరీక్షలు మొదలైన దగ్గర్నుంచి పక్క మండలాల టీచర్లు కూడా ఫోన్ చేసి అడుగుతున్నారు. అడిగేవాళ్లు మారుతున్నారు కానీ డౌట్లు మాత్రం అవే. అందుకే అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. అందరూ ముందు అడిగేది నెట్ స్పీడ్ గురించే. మా దగ్గర పరీక్ష ఆగిపోయిన రోజుల్లో చాలాసార్లు నెట్ బాగానే ఉంది. ఒకసారి కరెంటు వల్ల ఆగింది, ఒకసారి సిస్టమ్‌లో తేదీ తప్పుండటం వల్ల, ఇంకోసారి ఎలుక కొరికిన కేబుల్ వల్ల.

## పరీక్ష పెట్టాలని అనుకున్నప్పుడు

మా సిస్టమ్స్ పాతవి. పరీక్షకు పనికొస్తాయా?

ఆబ్జెక్టివ్ ప్రశ్నలకైతే చాలావరకు పనికొస్తాయి. 4 జీబీ ర్యామ్, కొత్త బ్రౌజర్ ఉంటే చాలు. చిక్కంతా ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే. విండోస్ 7 ఉన్న సిస్టమ్‌లో క్రోమ్ బ్రౌజర్ 109వ వెర్షన్‌తో ఆగిపోతుంది, 2023 ఫిబ్రవరి నుంచి కొత్త వెర్షన్లు రావడం లేదు. విండోస్ 10కి కూడా మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అంటే ఆ సిస్టమ్స్ పనిచేయవని కాదు. కానీ వాటిని ఎప్పుడూ నెట్‌లో ఉంచడం మంచిది కాదు, ల్యాబ్ లోపలి నెట్‌వర్క్‌కే పరిమితం చేయండి.

డబ్బులు కొద్దిగానే ఉంటే ముందు ర్యామ్ కొనకండి. పాత హార్డ్‌డిస్క్ తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్క్) వేయించండి. మా ల్యాబ్‌లో ఆన్ అవడానికి నాలుగు నిమిషాలు తీసుకునే సిస్టమ్ ఇప్పుడు నిమిషం లోపే లేస్తోంది. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య రీస్టార్ట్ చేయాల్సి వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఒక సీపీయూకి నాలుగైదు మానిటర్లు తగిలించిన ల్యాబ్ మాది. కుదురుతుందా?

మామూలు క్విజ్‌కు కుదురుతుంది. కానీ ఆ సీపీయూ ఆగితే ఐదుగురి పరీక్షా ఒకేసారి ఆగుతుంది. స్క్రీన్ లాక్ చేసే సాఫ్ట్‌వేర్లు కూడా ఇలాంటి సెటప్‌లో సరిగ్గా పనిచేయవు. మార్కులు లెక్కలోకి వచ్చే పరీక్షకు నేనైతే వాడను.

ట్యాబుల మీద పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పటి నుంచి ఈ ప్రశ్న ఎక్కువైంది. ఇక్కడ రెండు సంగతులు గుర్తుంచుకోండి. పరీక్ష పేజీ తప్ప మరేదీ తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ ఆండ్రాయిడ్‌లో లేదు, కాబట్టి పిల్లలు వేరే యాప్‌లోకి వెళ్లకుండా ఉండాలంటే స్క్రీన్ పిన్నింగ్ (ఒకే యాప్ దగ్గర స్క్రీన్‌ను నిలిపి ఉంచడం) మీదో, ట్యాబులన్నిటినీ ఒకచోట నుంచి నియంత్రించే సాఫ్ట్‌వేర్ మీదో ఆధారపడాలి. పిన్నింగ్‌ను తీయడం ఎలాగో మన పిల్లలకు మనకంటే బాగా తెలుసు. రెండోది చార్జింగ్. ముందు రోజు సాయంత్రమే అన్నీ చార్జింగ్‌కు పెట్టకపోతే పొద్దున సగం ట్యాబులు 11 శాతంతో వస్తాయి.

20 సిస్టమ్స్ ఉన్నాయి, క్లాసులో 58 మంది. ఎలా?

20నీ నింపేయకండి. పదింటికొకటి చొప్పున స్పేర్ పెట్టుకోండి, అంటే 18తోనే లెక్కేయాలి. మూడు బ్యాచ్‌లకు 54 మందే అవుతారు. మిగిలిన నలుగురికి నాలుగో బ్యాచ్ తప్పదు. మొదట్లో ఇది దండగనిపించింది. ఇప్పుడు మాత్రం కావాలనే చివర్లో ఒక చిన్న బ్యాచ్ పెడుతున్నాను. సిస్టమ్ ఆగిపోయి పరీక్ష సగంలో నిలిచినవాళ్లు, అదనపు సమయం కావాల్సినవాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు అందరూ అందులోకి వెళ్తారు.

బ్యాచ్‌ల మధ్య 15 నిమిషాలు వదలండి. మొదటి బ్యాచ్ బయటికెళ్లి ప్రశ్నలన్నీ చెప్పేస్తుంది, అది ఆపలేం. అందుకే ఒక్కో అంశానికి మూడు రెట్లు ప్రశ్నలు తయారుచేసి, ఎవరికి ఏవి రావాలో సాఫ్ట్‌వేర్‌కే వదిలేయండి.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? గూగుల్ ఫామ్స్ సరిపోదా?

స్లిప్ టెస్టుకు గూగుల్ ఫామ్స్ భేషుగ్గా సరిపోతుంది. కానీ అందులో సొంతంగా టైమర్ లేదు. స్క్రీన్ లాక్ చేసే పద్ధతి బడి ఆధీనంలో నడిచే క్రోమ్‌బుక్‌ల (గూగుల్ సిస్టమ్‌తో నడిచే ల్యాప్‌టాప్‌ల) కోసం తెచ్చింది, మన ల్యాబుల్లో ఉండేవి విండోస్ సిస్టమ్స్.

యూనిట్ టెస్టులాంటిదానికి నేను మూడుల్ అన్న సాఫ్ట్‌వేర్ వాడతాను. ఉచితం, సొంత సర్వర్‌లో పెట్టుకోవచ్చు. సమయం లెక్క, ప్రశ్నల షఫుల్, ఒక్కో విద్యార్థికి విడిగా అదనపు సమయం, జవాబులు తనంతట తానే సేవ్ కావడం అన్నీ ఉన్నాయి. నేర్చుకోవడానికి ఒక వారం పడుతుంది. మొదటి రెండు రోజులు వదిలేద్దామనిపిస్తుంది, వదలకండి.

## ల్యాబ్ సిద్ధం చేసేటప్పుడు

ఇంటర్నెట్ స్పీడ్ ఎంత ఉండాలి?

కంపెనీ వాళ్లు చెప్పే అంకెను పక్కన పెట్టి, మీరే ఒక లెక్క వేసుకోండి. పరీక్ష పేజీ మొదటిసారి తెరుచుకోవడానికి ఒక్కో విద్యార్థికి 2 ఎంబీ అవుతుందనుకుందాం. 40 మంది ఒకేసారి నొక్కితే 80 ఎంబీ. నెట్ స్పీడ్‌ను బిట్లలో చెబుతారు కాబట్టి 8తో గుణిస్తే 640 మెగాబిట్లు. మీ లైన్ 20 ఎంబీపీఎస్ అయితే 32 సెకన్లు. ఆచరణలో ముప్పావు నిమిషం, నిమిషం వేసుకోండి. ఫరవాలేదు.

ఇప్పుడు అదే పేపర్‌లో ఫోన్‌తో తీసిన ఫొటోలు నాలుగు, ఒక్కోటి 3 ఎంబీ చొప్పున పెట్టారనుకోండి. ఒక్కొక్కరికి 12 ఎంబీ, 40 మందికి 480 ఎంబీ, అంటే 3,840 మెగాబిట్లు. అదే లైన్ మీద మూడు నిమిషాలు దాటుతుంది. పిల్లలు రీలోడ్ మీద రీలోడ్ నొక్కుతారు, అది ఇంకా పెరుగుతుంది. కాబట్టి ప్లాన్ మార్చే ముందు బొమ్మల సైజు తగ్గించండి. ఆ సమయంలో ఆఫీసు రూములో ఎవరూ వీడియోలు చూడకుండా ఉంటే మరీ మంచిది.

నెట్ అసలు లేకుండా పెట్టొచ్చా?

పెట్టొచ్చు, నన్నడిగితే అలాగే పెట్టాలి. ల్యాబ్‌లో కాస్త మంచి సిస్టమ్ ఒకటి తీసుకుని దానిలోనే మూడుల్ వేసి సర్వర్‌గా వాడండి. ఒకేసారి వాడే ప్రతి 10 నుంచి 20 మందికి 1 జీబీ ర్యామ్ అన్నది మూడుల్ వాళ్ల పాత కొలత. దాని ప్రకారం 40 మందికి 4 జీబీ కావాలి, 8 ఉంటే నిశ్చింత. ఆ సిస్టమ్‌కు మారని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) ఇవ్వండి, ఉదాహరణకు 192.168.1.10. పిల్లల సిస్టమ్స్‌లో బ్రౌజర్ హోమ్ పేజీగా దాన్నే పెట్టేయండి.

ఇందులో ఒక గోతి ఉంది, నేను పడ్డాను. గణిత సూత్రాలను చూపించే మ్యాథ్‌జాక్స్ అన్న భాగాన్ని మూడుల్ మామూలుగా బయటి ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ ఉన్న స్టాఫ్ రూములో పేపర్ చక్కగా కనిపించింది. నెట్ లేని ల్యాబ్‌లో వర్గమూలాలన్నీ డాలర్ గుర్తులు, బ్యాక్‌స్లాష్‌లుగా మారాయి. దాన్ని లోకల్ సర్వర్‌లోకి కాపీ చేసుకోండి, లేదంటే సూత్రాలను బొమ్మలుగా పెట్టండి.

మూడుల్ ఎక్కువ అనుకుంటే కొలిబ్రి అన్న సాఫ్ట్‌వేర్ చూడండి. నెట్ లేని బడుల కోసమే తయారైంది, రాస్‌బెర్రీ పై అన్న చిన్న కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. క్విజ్ వరకు సరిపోతుంది.

వైఫై చాలదా? కేబుల్ లాగాల్సిందేనా?

డెస్క్‌టాప్‌లకు కేబులే లాగండి. కేబుళ్లన్నిటినీ కలిపే ఒక 24 పోర్టుల నెట్‌వర్క్ స్విచ్, క్యాట్6 కేబుల్ ఉంటే చాలు. ఒక్కో కేబుల్ 100 మీటర్లు దాటకూడదు, ల్యాబ్‌లో అంత దూరం రాదు. కేబుల్‌ను నేల మీద వదలకుండా పైపులో వేయించండి. ఎలుకల సంగతి పైన చెప్పాను.

ట్యాబులకు వైఫై తప్పదు. ఇంట్లో వాడే రూటర్ ఇరవై, ముప్పై పరికరాలు దాటితే తడబడుతుంది. వైఫై సిగ్నల్ ఇచ్చే యాక్సెస్ పాయింట్లు రెండు పెట్టి పిల్లలను సగం సగం పంచండి. 2.4 గిగాహెర్ట్జ్ అయితే ఒకటి 1వ చానెల్‌లో, రెండోది 6లోనో 11లోనో పెట్టండి, ఒకదానికొకటి అడ్డురావు. రూటర్ ఎన్ని ఐపీ అడ్రస్‌లు ఇవ్వగలదో కూడా చూసుకోండి. ఆ హద్దు 30 అని ఉంటే 31వ పిల్లవాడికి వైఫై సిగ్నల్ నిండుగా ఉంటుంది, పేజీ మాత్రం రాదు.

కరెంటు పోతే ఏంటి పరిస్థితి? ఇన్వర్టర్ ఉంది కదా!

ఇన్వర్టర్ ఉన్నా సిస్టమ్స్ రీస్టార్ట్ అవుతుంటే దాని వెనకో, పక్కనో ఉండే మోడ్ స్విచ్ చూడండి. ఫ్యాన్లకు, లైట్లకు సరిపోయే మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణం ఆలస్యాన్ని కంప్యూటర్ తట్టుకోలేదు. యూపీఎస్ మోడ్‌లో పెడితే త్వరగా మారుతుంది. చాలా బడుల్లో సమస్య ఈ స్విచ్‌తోనే తీరిపోయింది.

రెండోది, ఎవరూ పట్టించుకోనిది. మా ల్యాబ్‌లో ఒకసారి కరెంటు పోయింది. సిస్టమ్స్ అన్నీ యూపీఎస్ మీద వెలుగుతూనే ఉన్నాయి, ఒక్క స్క్రీనూ కదలడం లేదు. పది నిమిషాలు సర్వర్‌ను అనుమానించాం. తీరా చూస్తే గోడ మీద ఉన్న నెట్‌వర్క్ స్విచ్‌ను మామూలు ప్లగ్‌కు పెట్టారు. సర్వర్, స్విచ్, రూటర్, ఈ మూడింటికీ ముందు బ్యాకప్ ఇవ్వండి. అవి బతికుంటే పిల్లల సిస్టమ్ ఆగినా మళ్లీ వచ్చి కలవొచ్చు.

సీపీయూ ముట్టుకుంటే జివ్వుమంటోంది. పరీక్షకు ఇబ్బందా?

పరీక్ష సంగతి తర్వాత. అది ఎర్తింగ్ సరిగ్గా లేదనడానికి గుర్తు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసేదాకా పిల్లలను ఆ ల్యాబ్‌లోకి రానివ్వకండి.

సైట్ తెరిస్తే మీ గడియారం వెనకబడి ఉంది అని వస్తోంది. నెట్ బాగానే ఉందే?

పాత సిస్టమ్స్‌లో ఇది రోజూ ఉండే కథే. మదర్‌బోర్డు మీద నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీ అయిపోతే ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ ఏ 2009కో వెళ్లిపోతుంది. సైట్ భద్రతా సర్టిఫికెట్ ఆ తేదీకి ఇంకా పుట్టనే లేదు, అందుకే బ్రౌజర్ లోపలికి వదలదు. అప్పటికి తేదీ, సమయం సరిచేస్తే తెరుచుకుంటుంది. బ్యాటరీ వాచీల షాపులో కూడా దొరుకుతుంది, మార్చడం రెండు నిమిషాల పని. వేసవి సెలవుల తర్వాత అన్ని సిస్టమ్స్‌లో ఒకసారి తేదీ చూడండి.

సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ అంటే ఏమిటి? తప్పనిసరా?

పరీక్ష పేజీ తప్ప మరేదీ తెరుచుకోకుండా చేసే ఉచిత సాఫ్ట్‌వేర్. స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్‌లో తయారైంది. విండోస్, మ్యాక్, ఐప్యాడ్‌లలో పనిచేస్తుంది. మూడుల్ 3.9 నుంచి దాని సెట్టింగులు క్విజ్‌లోనే ఉన్నాయి, విడిగా ఏమీ కలపనక్కర్లేదు.

ఇన్విజిలేటర్ తిరిగే ల్యాబ్‌లో 6, 7 తరగతులకు అవసరం లేదనే నా అభిప్రాయం. 9, 10 తరగతులకు పెట్టండి. బయటికి వచ్చే పాస్‌వర్డ్ పెట్టుకుని, దాన్ని ఇద్దరు టీచర్లకు చెప్పి ఉంచండి. మధ్యలో కరెంటు పోయి సిస్టమ్ అర్ధాంతరంగా ఆగితే, తర్వాత టాస్క్ మేనేజర్ లాంటివి తెరుచుకోకుండా ఉండిపోవచ్చు. దానితోపాటే వచ్చే రీసెట్ యుటిలిటీని నడిపితే మామూలవుతుంది. విండోస్ మళ్లీ వేయాల్సిన పని లేదు.

## ప్రశ్నపత్రం ఎక్కించేటప్పుడు

డీటీపీలో టైప్ చేయించిన తెలుగు ప్రశ్నలు పేస్ట్ చేస్తే పిచ్చి గీతలు వస్తున్నాయి. ఎందుకు?

అది అను ఫాంట్లలో టైప్ చేసి ఉంటుంది. అవి యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) కావు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే, ఆ ఫాంటు ఉన్న సిస్టమ్‌లో మాత్రమే తెలుగులా కనిపిస్తాయి. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాత అక్షరం అక్షరం చదవండి. ఒత్తులు, రావత్తులు తారుమారవుతాయి. సైన్స్ పేపర్‌లో రసాయన సంకేతాలు, ఇంగ్లిష్ పదాలు కూడా తెలుగు అక్షరాలుగా మారిపోతాయి.

యూనికోడ్ అయి ఉండీ అక్షరాలకు బదులు డబ్బాలు కనిపిస్తుంటే మాత్రం ఆ సిస్టమ్‌లో తెలుగు ఫాంటు లేనట్టు. విండోస్‌లో గౌతమి గానీ నిర్మల గానీ ఉంటుంది, లినక్స్‌లో నోటో సాన్స్ తెలుగు వేసుకోండి.

పిల్లలు జవాబులు తెలుగులో టైప్ చేయగలరా?

ఒక పేరా రాయమంటే చాలామంది చేయలేరు. ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి తెలుగు తెప్పించుకోవడం అలవాటు, ల్యాబ్‌లో ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెడితే క్ష ఎక్కడుందో వెతకడానికే సగం సమయం పోతుంది. విండోస్ 10లో 2019 నుంచి ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ తెలుగు కీబోర్డు కూడా వస్తోంది, కొంత నయం. అయినా టైపింగ్ పరీక్ష వేరు, తెలుగు పరీక్ష వేరు. వ్యాసరూప ప్రశ్నలు కాగితం మీదే రాయించండి.

ఒక్క మాట జవాబులను సాఫ్ట్‌వేర్‌తో దిద్దించడంలోనూ చిక్కుంది. భాగవతాన్ని తెలుగు చేసిన కవి ఎవరని అడిగితే పోతన, బమ్మెర పోతన, పోతనామాత్యుడు, పోతన గారు, నాలుగూ ఒప్పే. సాఫ్ట్‌వేర్‌కు మీరు చెప్పింది ఒక్కటే అయితే మిగిలిన ముగ్గురికి సున్నా. సంఖ్య జవాబుగా వచ్చేవి, ఆప్షన్లు ఉన్నవి మాత్రమే మెషీన్‌కు వదలండి.

ఆప్షన్లు షఫుల్ చేస్తే కాపీ ఆగుతుంది కదా, అన్నిటికీ పెట్టేయమంటారా?

చూసి పెట్టండి. పైవన్నీ అన్న ఆప్షన్ షఫుల్‌లో మొదటి స్థానానికి వచ్చిందనుకోండి, దాని పైన ఏమీ ఉండదు. మా దగ్గర ఒక అమ్మాయి చెయ్యెత్తి, సార్, పైన ప్రశ్న తప్ప ఏం లేదు అంది. అలాంటి ప్రశ్నలకు షఫుల్ తీసేయండి, లేదా ఇవన్నీ అని మార్చండి. ఏ మరియు సీ తరహా ఆప్షన్లదీ ఇదే గొడవ.

పిల్లల పేర్లు ఎక్సెల్‌లో బాగున్నాయి, అప్‌లోడ్ చేస్తే ప్రశ్నార్థకాలు వస్తున్నాయి!

సేవ్ చేసేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాకుండా సీఎస్‌వీ యూటీఎఫ్-8 ఎంచుకోండి. అడ్మిషన్ నంబర్ 0457 అని ఉంటే ఎక్సెల్ ముందున్న సున్నా మింగేస్తుంది, ఆ గడులను ముందే టెక్స్ట్‌గా మార్చండి. ఆధార్ నంబరును యూజర్‌నేమ్‌గా ఎప్పుడూ పెట్టొద్దు.

మూడుల్ మామూలుగా పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు అన్నీ ఉన్న పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆరో తరగతి పిల్లలకు అది పరీక్ష కంటే పెద్ద పరీక్ష. నెట్‌కు తగలని లోకల్ సర్వర్ అయితే ఆ నిబంధన తీసేసి, ఒక్కొక్కరికీ వేరే వేరే సులువైన పాస్‌వర్డ్ చీటీ మీద ప్రింట్ చేసి ఇవ్వండి.

## పరీక్షకు ముందు వారం

మాక్ టెస్ట్ పెట్టాలా? టైం లేదు.

పెట్టాలి. ఐదు ప్రశ్నలు చాలు, మార్కులు వద్దు. కానీ పూర్తి బ్యాచ్‌ను కూర్చోబెట్టి, అందరితో ఒకేసారి లాగిన్ నొక్కించండి. ఇద్దరితో పరీక్షించి అంతా బాగుందనుకోవడమే మనం చేసే పెద్ద తప్పు. మధ్యలో మెయిన్ స్విచ్ ఒకసారి మీరే ఆపి చూడండి. హెడ్‌మాస్టర్ గారికి ముందే చెప్పండి, లేకపోతే ఆయనకు టెన్షన్.

పిల్లల వైపు నుంచి కూడా మాక్ అవసరమే. మౌస్ పట్టుకోవడం, స్క్రోల్ చేయడం, ముందు ప్రశ్నకు వెనక్కి వెళ్లడం తెలియని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. జేఈఈ మెయిన్ 2019 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఆ పరీక్ష హాల్లో మొదటిసారి మౌస్ పట్టుకునే పరిస్థితి మన పిల్లలకు రాకూడదు.

## పరీక్ష రోజు

9 గంటలకు తెరుచుకోవాల్సిన పరీక్ష తెరుచుకోలేదు. సెట్టింగ్ సరిగ్గానే ఉంది!

సర్వర్ టైమ్ జోన్ చూడండి. అద్దె సర్వర్లు చాలావరకు యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, మనకంటే ఐదున్నర గంటలు వెనక. మీరు 9 అని పెట్టింది వాళ్ల 9, మనకు మధ్యాహ్నం 2:30. జోన్‌ను ఆసియా/కోల్‌కతాకు మార్చి, పరీక్ష ప్రారంభ, ముగింపు సమయాలను మళ్లీ ఒకసారి సరిచూడండి.

మధ్యలో సిస్టమ్ ఆగిపోతే రాసినవి పోతాయా?

మూడుల్‌లో అయితే పోవు. పేజీ మారినప్పుడు సేవ్ అవుతుంది, అదీగాక నిమిషానికోసారి తనంతట తానే సేవ్ చేస్తుంది. పోతే చివరి నిమిషంలో నొక్కినవే. స్పేర్ సిస్టమ్‌లో అదే లాగిన్‌తో కొనసాగించమనండి. టైమర్ మాత్రం సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది, కాబట్టి ఆగిన సమయాన్ని రాసుకుని ఆ విద్యార్థికి విడిగా అంత కలపండి. ముందు బిడ్డ భయం పోగొట్టండి, నీ జవాబులు ఉన్నాయమ్మా అని స్క్రీన్ మీద చూపిస్తే చాలు.

సరిగ్గా పరీక్ష టైంకే విండోస్ అప్‌డేట్ మొదలైంది. ఆపేదెలా?

మొదలయ్యాక ఆపకండి, స్పేర్ సిస్టమ్‌కు మారండి. ముందు వారమే అప్‌డేట్స్ అన్నీ వేసి, తర్వాత ఏడు రోజులు పాజ్ నొక్కి ఉంచండి.

బయటి సర్వర్ మీద పరీక్ష నడుస్తుండగా నెట్ పోయింది. ఫోన్ హాట్‌స్పాట్ ఇవ్వొచ్చా?

ఒక్క ఫోన్‌తో క్లాసు మొత్తం నడవదు, చాలా ఫోన్లు పది పరికరాల దగ్గర ఆగిపోతాయి. ఇద్దరు ముగ్గురు టీచర్ల ఫోన్లు, వేరే వేరే కంపెనీల సిమ్‌లతో సిద్ధంగా ఉంటే బ్యాచ్‌ను ముక్కలు చేసి గట్టెక్కవచ్చు. సిమ్ వేసుకునే రూటర్ ఉంటే ఇంకా మంచిది.

చూపు తక్కువ ఉన్న పిల్లలకు ఏం ఏర్పాటు చేయాలి?

కొంత చూపు ఉంటే పెద్ద మానిటర్, 150 శాతం జూమ్. పేజీ అడ్డంగా జరపాల్సిన అవసరం రాకుండా ముందే చూసుకోండి. స్క్రీన్ చదివి వినిపించేందుకు ఎన్‌వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. గొంతు కాస్త మరమనిషిలా ఉంటుంది కాబట్టి ముందు నుంచి అలవాటు చేయించాలి. బొమ్మ ఉన్న ప్రతి ప్రశ్నకూ మాటల్లో వివరణ రాయండి. దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని 2018 కేంద్ర మార్గదర్శకాల్లో ఉంది. గంట పరీక్షకు 80 నిమిషాలు అన్నమాట.

## పరీక్ష అయ్యాక

సిస్టమ్స్ ఆపేసే ముందు ఏం చేయాలి?

అందరి జవాబులూ సబ్మిట్ అయ్యాయో లేదో సర్వర్‌లో చూడండి, పిల్లల మాట మీద వదలకండి. మార్కుల ఫైలు, మొత్తం క్విజ్ బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లోకి ఒకటి, ఇంకోచోట ఒకటి తీసుకోండి. ఆ తర్వాతే సర్వర్ ఆపండి.

పిల్లల మార్కులు, ఫొటోలు సర్వర్‌లో ఉంటే చట్టపరంగా ఇబ్బందా?

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలన్నది మూల సూత్రం. అనుమతి పత్రం అడ్మిషన్ ఫారంతోపాటే తీసుకోవడం మంచిది. అసలు అవసరం లేనిది సేకరించకపోతే సగం తలనొప్పి ఉండదు. ల్యాబ్‌లో కళ్లెదుటే కూర్చున్న పిల్లల మీద వెబ్‌క్యామ్ రికార్డింగ్ ఎందుకో నాకు అర్థం కాదు. మార్కుల జాబితాను ఫోన్ నంబర్లతో సహా వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటు కూడా మానుకోవాలి.

కీ తప్పు పెట్టాం. ఫలితాలు కూడా చెప్పేశాం. ఇప్పుడెలా?

మూడుల్‌లో ప్రశ్న తెరిచి సరైన జవాబు మార్చి, ఫలితాల పేజీలో రీగ్రేడ్ నొక్కండి, అందరి మార్కులూ మారతాయి. ముందు పాత మార్కుల ఫైలు ఒకటి దాచుకోండి. కొందరికి పెరుగుతాయి, కొందరికి తగ్గుతాయి. తగ్గినవాళ్లు వచ్చి అడిగినప్పుడు రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టి చూపించాలి, పొరపాటు మాదేనని కూడా చెప్పాలి.